ఏమ్స్‌బరీలో రెండు రోజులు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, నేను వంతెనల గురించి రాస్తానని అనుకున్నారు. ముప్పై ఏళ్ళుగా నా పని అదే. కానీ ఈ సంచిక చేతిలోకి తీసుకునేవాళ్ళు మన గురువులు, మన బడిలో చదివినవాళ్ళు. వాళ్ళతో చెప్పుకోవలసిన సంగతి నా దగ్గర వేరే ఒకటుంది. అది మన బడిలోనే మొదలైంది.

1983లో మేం తొమ్మిదో తరగతి. సోషల్ సార్ ఒకరోజు బోర్డు మీద రెండు నిలువు గీతలు గీసి, వాటి మీద ఒక అడ్డగీత పెట్టారు. అది మన దేశం ప్రపంచ కప్పు గెలిచిన ఏడు. వెనక బెంచీ నుంచి ఎవరో “వికెట్లు సార్” అన్నారు. సార్ కూడా నవ్వారు. “వికెట్లు కావురా, స్టోన్‌హెంజ్. ఇంగ్లండులో ఉంది. నాలుగున్నర వేల ఏళ్ళ కింద మనుషులు నిలబెట్టిన రాళ్ళు. అంత దూరం మనం పోలేం గానీ, మన గుట్ట వెనక ఉన్నవి చూద్దాం పదండి” అన్నారు.

ఆ శనివారం మధ్యాహ్నం మమ్మల్ని వరసలో నడిపించి, ఊళ్ళోవాళ్ళు రాకాసి గుళ్ళు అని పిలిచే చోటికి తీసుకుపోయారు. ఆరోజు జరిగిన ఒక విషయం చివర్లో చెప్తాను. ముందు ఇంగ్లండు సంగతి.

మా అమ్మాయి సౌతాంప్టన్‌లో చదువుతోంది. 2024 సెప్టెంబరులో తనను చూడ్డానికి వెళ్ళినప్పుడు రెండు రోజులు ఖాళీ దొరికింది. లండను పోదామంది మా ఆవిడ. నేను ఏమ్స్‌బరీ అన్నాను. “అదెక్కడుంది నాన్నా?” అంది అమ్మాయి. చివరికి వాళ్ళిద్దరూ లండను వెళ్ళారు, నేను ఒక్కణ్ణే సాలిస్‌బరీ దాకా రైలెక్కి, అక్కణ్ణుంచి బస్సులో ఏమ్స్‌బరీ చేరాను.

స్టోన్‌హెంజ్‌కు తూర్పున మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు ఏమ్స్‌బరీ. జనాభా సుమారు పదమూడు వేలు. మన లెక్కలో ఒక మండల కేంద్రం అనుకోవచ్చు. ఊరిని చుట్టుకుంటూ ఏవన్ అనే చిన్న నది పారుతుంది. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున నాచు ఊగడం వంతెన మీంచే కనిపిస్తుంది. ఒక ప్రధాన వీధి, పాత చర్చి, బేకరీ, మందుల షాపు, రెండు మూడు పబ్బులు. ఊరి ఉత్తరపు అంచునే ఏ-303 అనే పెద్ద రోడ్డు పోతుంది. ఆ రోడ్డు మీద రోజూ వేల కార్లు స్టోన్‌హెంజ్‌ను చూస్తూ నెమ్మదిస్తాయి, అందుకే అక్కడ ఎప్పుడూ ట్రాఫిక్ జామే. రాళ్ళకు దగ్గర్లో రోడ్డును మూడు కిలోమీటర్లకు పైగా సొరంగంలోకి దించాలని ఏళ్ళ తరబడి ప్రణాళికలు వేసి, చివరికి 2024 జులైలో ప్రభుత్వం రద్దు చేసింది. నేను దిగిన ఇంటి ముసలి దంపతులు ఆ సొరంగం గురించే రాత్రి భోజనం అయ్యేదాకా వాదించుకున్నారు. ఆయన రావలసింది అంటాడు, ఆమె రాకపోవడమే మేలంటుంది. ఇంజనీరుగా నా అభిప్రాయం అడిగారు. భోజనం పెట్టిన ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పకూడదని నాకు ముప్పై ఏళ్ళ ఉద్యోగం నేర్పింది.

పొద్దున్నే ఊరు చూశాను. చర్చి ఉన్నచోట 979 ప్రాంతంలో ఎల్ఫ్‌త్రిత్ అనే రాణి సన్యాసినుల మఠం పెట్టింది. ఎనిమిదో హెన్రీ కాలంలో అది మూతబడింది. ఆర్థర్ రాజు భార్య గినివీర్ చివరి రోజుల్లో ఇక్కడి మఠంలోనే తలదాచుకుందని కథ. అది కథే. కానీ ఈ ఊళ్ళో కథలకన్నా నేలలో దొరికినవే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తాయి. ఊరి అంచున బ్లిక్ మీడ్ అనే నీటి ఊట ఉంది. 2005 నుంచి అక్కడ తవ్వుతున్నారు. వేటగాళ్ళు వాడిన చెకుముకి రాతి పనిముట్లు, అడవి ఎద్దుల ఎముకలు బయటపడ్డాయి. క్రీ.పూ. 8000 ప్రాంతం నుంచీ, అంటే స్టోన్‌హెంజ్‌కు ఎన్నో వేల ఏళ్ళ ముందు నుంచీ, మనుషులు ఆ ఊట దగ్గరికి వస్తూనే ఉన్నారన్నమాట.

ఊరికి దక్షిణాన కొత్త కాలనీలు వచ్చాయి. 2002లో అక్కడ ఇళ్ళకూ బడికీ పునాదులు తవ్వబోయేముందు, అక్కడి పద్ధతి ప్రకారం, పురావస్తు పరిశోధకులు నేలను పరిశీలించారు. ఒక సమాధి దొరికింది. క్రీ.పూ. 2300 ప్రాంతంలో చనిపోయిన మనిషి. వయసు ముప్పై అయిదు, నలభై అయిదు మధ్య. పక్కన చెకుముకి బాణపు మొనలు, అయిదు మట్టి పాత్రలు, మూడు రాగి కత్తులు, జుట్టుకు పెట్టుకునే రెండు చిన్న బంగారు నగలు, లోహం సాగగొట్టడానికి వాడే చిన్న దాగలి రాయి. మొత్తం వంద దాకా వస్తువులు. బ్రిటన్‌లో దొరికిన అతి పాత బంగారంలో అదొకటి. ఎడమకాలి మోకాలిచిప్ప లేదు, కుంటుతూ నడిచేవాడు. పళ్ళ ఎనామెల్‌ను పరీక్షిస్తే, అతని బాల్యం ఆల్ప్స్ పర్వతాల ప్రాంతంలో గడిచిందని తేలింది. అంత దూరం నుంచి, ఆ కాలుతో, ఇక్కడిదాకా వచ్చాడు. అతన్ని ఏమ్స్‌బరీ ఆర్చర్ అంటారు. అంటే ఏమ్స్‌బరీ విలుకాడు. ఇప్పుడు సాలిస్‌బరీ మ్యూజియంలో ఉన్నాడు.

ఆ కాలనీలో ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. దాని పేరు ఏమ్స్‌బరీ ఆర్చర్ ప్రైమరీ స్కూల్. ఆ బోర్డు చూసి కాసేపు అక్కడే నిలబడ్డాను. పునాది తవ్వబోయిన చోట సమాధి కనిపిస్తే మట్టి కప్పేసి కాంక్రీటు పోయడం ఎంత సులువో నా వృత్తిలో ఉన్నవాళ్ళకు తెలుసు. వీళ్ళు పని ఆపి తవ్వి చూశారు. తరవాత ఆ విలుకాడి పేరే పిల్లల బడికి పెట్టుకున్నారు.

మధ్యాహ్నం రాళ్ళ దగ్గరికి వెళ్ళాను. టికెట్లు ఇచ్చే చోటు రాళ్ళకు రెండున్నర కిలోమీటర్ల దూరంలో కట్టారు. అక్కణ్ణుంచి బస్సులో తీసుకుపోతారు. పచ్చిక మైదానం, పెద్ద ఆకాశం, మధ్యలో రాళ్ళు. మొదటి చూపులో చిన్నగానే అనిపించాయి, నిజం చెప్పాలి. పక్కన మనిషి నిలబడ్డాక కొలత అర్థమైంది.

క్రీ.పూ. 3000 ప్రాంతంలో మొదట గుండ్రంగా ఒక కందకం, గట్టు తవ్వారు. లోపల 56 గుంటలు. చనిపోయినవాళ్ళను దహనం చేసి ఆ అస్థికలను అక్కడ పూడ్చారు. అంటే స్టోన్‌హెంజ్ మొదలైంది శ్మశానంగానే. మరో అయిదు వందల ఏళ్ళకు, క్రీ.పూ. 2500 ప్రాంతంలో పెద్ద రాళ్ళు వచ్చాయి. సార్సెన్ అనే గట్టి ఇసుకరాయి, ఒక్కొక్కటి సగటున పాతిక టన్నులు. బయటి వలయంలో 30 నిలువురాళ్ళు, వాటి తలల మీద 30 అడ్డరాళ్ళు. లోపల గుర్రపు నాడా ఆకారంలో అయిదు జంటలు, ప్రతి జంట మీదా ఒక దూలం. మా సార్ బోర్డు మీద గీసింది ఆ జంటలనే. వీటి మధ్య ఉన్న చిన్నవి నీలిరాళ్ళు, రెండు నుంచి అయిదు టన్నులు. అవి పశ్చిమ వేల్స్‌లోని ప్రెసెలీ కొండల నుంచి, అంటే 240 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చాయి.

ఇంజనీరు కంటికి కనిపించేవి మరికొన్ని ఉన్నాయి. నిలువురాయి తల మీద బుడిపె చెక్కారు. అడ్డరాయి కింద దానికి సరిపోయే గుంట చెక్కారు. మన వడ్రంగి ద్వారబంధం బిగించే పద్ధతే. పక్కపక్క అడ్డరాళ్ళు ఒకదాని అంచు మరోదాని గాడిలో ఇమిడిపోతాయి. అడ్డరాళ్ళు తిన్నగా ఉండవు, వలయానికి తగ్గట్టు కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. నేల ఒకవైపు కాస్త వాలినా పైవరస దాదాపు సమతలంగా నిలిచింది. ఇనుము లేదు, చక్రం లేదు. రాతిని రాతితోనే కొట్టి చెక్కారు. వేసవిలో అతి పొడవైన పగటి రోజున సూర్యుడు ఉదయించే దిక్కుకు, చలికాలంలో అతి చిన్న పగటి రోజున అస్తమించే దిక్కుకు కట్టడం మొత్తాన్ని తిప్పి నిలబెట్టారు. రాసిపెట్టిన డ్రాయింగు ఒక్కటీ లేదు.

కానీ ఇవాళ మనం చూస్తున్నది వాళ్ళు కట్టి వదిలేసినది కాదు. చాలా రాళ్ళు పోయాయి, కొన్ని పడిపోయాయి. యాత్రికులు సుత్తులు తెచ్చుకుని ముక్కలు కొట్టి జ్ఞాపకంగా పట్టుకుపోయిన కాలం ఉంది. 1797లో ఒక జంట కూలింది. 1900 డిసెంబరు 31న, ఆ శతాబ్దపు చివరి రోజున, గాలివానకు బయటి వలయంలో ఒక రాయి పడింది. దాంతో అప్పటి యజమాని కంచె వేసి టికెట్టు పెట్టాడు. అన్నిటికన్నా ఎత్తయిన నిలువురాయి అప్పటికే ప్రమాదకరంగా ఒరిగి ఉంది. నేలపైన దాదాపు ఏడు మీటర్లు, లోపల మరో రెండు మీటర్లకు పైగా. 1901లో దాన్ని నిటారుగా నిలబెట్టే పని విలియం గౌలండ్‌కు అప్పగించారు. ఈయన లోహశాస్త్రం చదివిన ఇంజనీరు. జపాన్‌లో ఒసాకా నాణేల ముద్రణాలయంలో పదహారేళ్ళు పనిచేసి, సెలవుల్లో అక్కడి పురాతన సమాధులను కొలిచి రాసుకున్నవాడు. స్టోన్‌హెంజ్‌లో తాను తవ్వాల్సిన కొద్దిపాటి చోటును గళ్ళుగా విడగొట్టి, మట్టిని జల్లెడ పట్టి, దొరికిన ప్రతి వస్తువు ఎంత లోతులో దొరికిందో రాశాడు. ఆ రాయి తల మీద బుడిపె ఇవాళ కూడా స్పష్టంగా కనిపిస్తుంది. దాని దూలం కింద పడి ఉంది.

స్టోన్‌హెంజ్ ఒకప్పుడు ఒకరి సొంత ఆస్తి అని నాకు ఇదివరకు తెలియదు. ఏమ్స్‌బరీ ఎస్టేటు ఏంట్రబస్ అనే కుటుంబానిది. వారసుడు మొదటి ప్రపంచయుద్ధం మొదట్లోనే చనిపోయాడు, కొద్ది నెలలకే తండ్రీ పోయాడు. 1915 సెప్టెంబరు 21న సాలిస్‌బరీలోని ఒక థియేటరులో ఆస్తిని వేలం వేశారు. 15వ నంబరు లాటు స్టోన్‌హెంజ్, చుట్టూ ముప్పై ఎకరాలు. 6,600 పౌండ్లకు పాట పాడినవాడు సెసిల్ చబ్ అనే బారిస్టరు. భార్యకు బహుమతిగా కొన్నాడని ఒక కథ, కుర్చీలు కొందామని పోయి ఇది కొనుక్కొచ్చాడని మరో కథ చెప్పుకుంటారు.

నాకు నచ్చింది మాత్రం ఆయన పుట్టుపూర్వోత్తరాలు. స్టోన్‌హెంజ్‌కు కొద్ది మైళ్ళ దూరంలో ష్రూటన్ అనే పల్లెలో 1876లో పుట్టాడు. తండ్రి గుర్రాలకు జీన్లు కుట్టేవాడు. పిల్లవాడు ఊరిబడిలో చదివి, తరవాత సాలిస్‌బరీలో బిషప్ వర్డ్స్‌వర్త్ స్కూలుకు వెళ్ళాడు. చదువుకుంటూనే కింది తరగతులకు పాఠాలు చెప్పాడు. అక్కణ్ణుంచి కేంబ్రిడ్జి. చిన్నప్పటి నుంచీ ఆ రాళ్ళను చూస్తూ పెరిగిన పల్లెటూరి పిల్లవాడు చివరికి వాటి యజమాని అయ్యాడు. మూడేళ్ళు దగ్గర ఉంచుకుని, 1918 అక్టోబరులో దేశానికి ఇచ్చేశాడు. ప్రవేశ రుసుము ఒక షిల్లింగుకు మించకూడదని షరతు పెట్టాడు. ఆ షిల్లింగు కాలంతో పాటు ఎప్పుడో పోయింది గానీ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఇవాళ్టికీ టికెట్టు లేదు. నాకు భోజనం పెట్టిన ఆమె పర్సులోంచి తన ఉచిత పాసు తీసి చూపించింది. “వెళ్ళి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. అయినా ఇది పారేయను” అంది.

రెండో రోజు సాలిస్‌బరీ మ్యూజియంలో ఆ విలుకాణ్ణి చూశాను. కానీ నన్ను కదిలించినది ఇంకో మనిషి కథ.

1797లో కూలిన జంటను 1958లో తిరిగి నిలబెట్టారు. అప్పుడు ఒక రాయిలో పగుళ్ళు కనిపిస్తే, దానికి అడ్డంగా సన్నటి రంధ్రాలు తొలిచి లోహపు కడ్డీలు దూర్చారు. ఆ తొలిచే పనికి వచ్చిన వజ్రపు పనిముట్ల కంపెనీ ఉద్యోగి రాబర్ట్ ఫిలిప్స్. రంధ్రంలోంచి బయటికొచ్చిన రాతి కడ్డీ, మీటరుకు పైగా పొడవు, ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆఫీసు గోడకు తగిలించుకున్నాడు. అమెరికాకు వలస పోయినప్పుడు వెంట పట్టుకుపోయాడు. అరవై ఏళ్ళ తరవాత, తొంభయ్యో పడిలో అడుగుపెట్టే వేళ, అది ఉండాల్సిన చోటు ఇది కాదనుకుని తిరిగి ఇంగ్లండుకు పంపించాడు.

దాంతో ఒక పాత ప్రశ్నకు జవాబు దొరికింది. నిలబడి ఉన్న రాయిని పగలగొట్టి పరీక్షించడానికి ఎవరూ ఒప్పుకోరు. ఈ కడ్డీ అయితే ఎలాగూ విడిగా ఉంది. బ్రైటన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ నాష్ బృందం మొదట మిగిలి ఉన్న 52 సార్సెన్ రాళ్ళ పైభాగాన్ని ఎక్స్‌రే పరికరంతో, చిన్న గీత కూడా పడకుండా పరీక్షించింది. యాభై రాళ్ళ రసాయన స్వభావం ఒక్కటేనని తేలింది. తరవాత ఈ కడ్డీలోంచి కొంత తీసుకుని, దక్షిణ ఇంగ్లండులో సార్సెన్ దొరికే ఇరవై చోట్ల రాళ్ళతో పోల్చారు. మార్ల్‌బరో దగ్గర వెస్ట్ వుడ్స్ అనే అడవితో సరిపోయింది. స్టోన్‌హెంజ్‌కు ఉత్తరాన పాతిక కిలోమీటర్లు. 2020లో ఆ ఫలితం ప్రకటించారు.

నేను వెళ్ళడానికి నెల ముందే ఇంకో వార్త. మధ్యలో నేలమీద పడివున్న ఆరు టన్నుల బలిపీఠపు రాయి వేల్స్‌ది కాదట, స్కాట్లాండు ఈశాన్య మూల నుంచి వచ్చిందట. దాదాపు 750 కిలోమీటర్లు. అది కూడా తేలింది ఎప్పుడో ఆ రాయి నుంచి తీసి జాగ్రత్తగా దాచిన చిన్న ముక్కల వల్లనే. ఏ ముక్క ఏ రాయిదో రాసిపెట్టినవాళ్ళు ఉండబట్టి ఆ ముక్కలు నోరు విప్పాయి.

ఆ మ్యూజియం బల్ల మీద కూర్చున్నప్పుడు నాకు మన గుట్ట గుర్తొచ్చింది. మొదట్లో చెప్తానన్న విషయం ఇదే.

ఆ శనివారం సార్ మమ్మల్ని రాతి వలయాల మధ్య నిలబెట్టి, ఇవి సమాధులనీ, ఇనుము వాడకం మొదలైన కాలం నాటివనీ, రెండు వేల ఏళ్ళకు పైబడినవనీ చెప్పారు. స్టోన్‌హెంజ్‌కూ వీటికీ సంబంధం లేదనీ, మధ్య వెయ్యేళ్ళకు పైగా తేడా ఉందనీ, అయినా చనిపోయినవాళ్ళను మరిచిపోకూడదనే ఆలోచన రెండుచోట్లా ఒక్కటేననీ అన్నారు. “ఏదీ ముట్టుకోవద్దు, ఏదీ జేబులో వేసుకోవద్దు” అని రెండుసార్లు హెచ్చరించారు. నేను వేసుకున్నాను. లోపల నలుపు, బయట ఎరుపు, నున్నగా మెరిసే కుండ పెంకు, అరచేతిలో సగం. తిరిగి వచ్చేటప్పుడు సార్ తలలు లెక్కపెట్టారు గానీ జేబులు వెతకలేదు. మమ్మల్ని నమ్మారు.

ఆ పెంకు నలభై ఏళ్ళుగా నా దగ్గరే ఉంది. ఏడు బదిలీలు తిరిగింది. టెన్త్ మెమో ఉన్న రేకు డబ్బాలోనే ఉంటుంది. పారేయమని మా ఆవిడ రెండుసార్లు అంది. పారేయలేదు, తిరిగి ఇవ్వనూ లేదు.

ఇంటికొచ్చాక గుట్టకు వెళ్ళాను. మన ఊళ్ళో ఉన్నవాళ్ళకు కొత్తగా చెప్పేదేం లేదు. గుట్ట సగం లేదు, గ్రానైట్ క్వారీ అయింది. వలయాలు ఉన్న వైపు ఇప్పుడు నీళ్ళు నిండిన గొయ్యి. ఆ గ్రానైటు ఎవరెవరి ఇళ్ళకు గచ్చు అయిందో, నేను కట్టించిన వాటిలో ఎంత ఉందో నేను లెక్క చెప్పలేను. ఫిలిప్స్ కడ్డీ తిరిగి వెళ్ళడానికి రాయి నిలబడి ఉంది. నా పెంకుకు ఆ చోటు లేదు. అది ఏ వలయంలోదో కూడా నాకు గుర్తులేదు. చోటు తెలియని పెంకు ఏమీ చెప్పదు, అది వట్టి పెంకే.

అందుకని మిత్రులకు ఒక మనవి. స్వర్ణోత్సవం రోజున సోషల్ సార్ వస్తున్నారని తెలిసింది. ఆయనకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ పెంకు ముందు ఆయన చేతిలో పెట్టి, చేసిన తప్పు చెప్పి, తరవాత పురావస్తు శాఖకు అప్పగిస్తాను. కానీ దానితో పాటు ఒక పటం కూడా ఇవ్వాలని ఉంది. ఆరోజు వరసలో నడిచినవాళ్ళు నలభై ముగ్గురం. గుట్ట మీద మేకలు కాసినవాళ్ళు, సీతాఫలాలకు పోయినవాళ్ళు, ముందు వెనక బ్యాచులవాళ్ళు ఇంకెందరో ఉన్నారు. వలయాలు ఎన్ని, ఏ చెట్టుకు ఎంత దూరం, నిలువురాయి ఏ వైపు ఒరిగి ఉండేది, దారి ఎక్కడ మలుపు తిరిగేది, ఒక్కొక్కరికి ఒక్కోటి గుర్తుండే ఉంటుంది. ఎవరి దగ్గరైనా ఆ గుట్ట వెనకగా కనిపించే పాత ఫోటో ఉంటే తప్పకుండా తీసుకురండి, పెళ్ళి ఫోటో అయినా సరే. నాలాగే ఎవరి దగ్గరైనా పెంకో, పూసో ఉంటే అదీ తీసుకురండి. ఎవరూ ఏమీ అనరు, మొదటి దొంగను నేనే.

భోజనాలయ్యాక లైబ్రరీ గదిలో బల్ల మీద పెద్ద డ్రాయింగు షీటు పరిచి ఉంచుతాను. పెన్సిళ్ళు, రబ్బరు నేనే తెస్తాను. తప్పుగా గుర్తుంటే చెరిపి మళ్ళీ గీసుకుందాం.

— 1985 పదో తరగతి పూర్వ విద్యార్థి